గుల్లదిబ్బ కాలవలో చివరి షాట్

వెన్నెల కెమెరాలో ఆఖరి షాట్ నిడివి మూడు నిమిషాల పది సెకన్లు. పుష్పకుమారి దాన్ని నలభైసార్లైనా చూసి ఉంటుంది.

మబ్బు పట్టిన ఆకాశం. కాలవ గట్టులోంచి పొడుచుకొచ్చిన సిమెంటు పైపు. దాని పక్కన కిందికి దిగే నాలుగు మెట్లు, వాటి కింద నల్లటి బురద. మనిషి కనపడదు. వెన్నెల గొంతు మాత్రం వినిపిస్తుంది: "ఈ గోడ వెనక ఉన్నది రసాయనాల కంపెనీ. ఈ పైపులోంచి చుక్క నీరు కూడా బయటికి రాదని వాళ్ళు కోర్టుకు రాసిచ్చారు. ఈ కాలవలో చేపలు పట్టి బతికే నూట పది కుటుంబాలు..." అక్కడ ఆగిపోతుంది. ఫైలు మీద టైము సాయంత్రం నాలుగు నలభై రెండు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఆ మెట్ల కిందే వెన్నెల శవం దొరికింది. వయసు ఇరవై తొమ్మిది. గుల్లదిబ్బ నీళ్ళు ఎలా విషమయ్యాయో చెప్పే డాక్యుమెంటరీ కోసం ఏడాదిగా ఆ ఊళ్ళో తిరుగుతోంది. నెలాఖరుకు చెన్నైలో దాని మొదటి ప్రదర్శన.

పోలీసులకు కేసు తేలిగ్గానే దొరికింది. కంపెనీ సెక్యూరిటీ సూపర్‌వైజర్ రవి కుమార్ ముందురోజే ఆమెను కెమెరా పగలగొడతానని బెదిరించాడు. ఆ సాయంత్రం నాలుగున్నరకు వెనక గేటు దాటి గట్టు మీదికి వెళ్ళినట్టు గేటు రిజిస్టర్‌లో ఉంది. నాలుగు నలభై రెండుకి ఆఖరి షాట్. తోసేశాడన్నారు, లోపల వేశారు.

వెన్నెల అక్క భానుప్రియ కావలిలో టీచరు. "కంపెనీ వాళ్ళు పెద్ద లాయర్లని పెడతారు మేడమ్. కేసు నిలబడాలి. ఇంకో సాక్ష్యం ఏదైనా వెతకండి," అని పుష్పకుమారిని అడిగింది. పద్దెనిమిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, ఎస్.ఐ.గా ఉండగానే రాజీనామా ఇచ్చి, నెల్లూరులో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న పుష్పకుమారికీ అదే కావాలి. కంపెనీయే చేసిందని ఆమె మనసులో కూడా ఖాయమైపోయింది.

కానీ మూడు విషయాలు సర్దుకోవడం లేదు. పోస్ట్‌మార్టమ్ రిపోర్టులో కడుపులో సరిగా అరగని పులిబొంగరాలు ఉన్నాయన్నారు. ఆమె వాటిని తిన్నది ఉదయం ఎనిమిదిన్నరకు. సాయంత్రం దాకా అవి అలాగే ఉంటాయా? రెండోది, భానుప్రియ ఆ రోజు పన్నెండు నుంచీ చెల్లెలికి ఫోన్ చేస్తూనే ఉంది, ఒక్కసారీ కలవలేదు. ఆ ఊళ్ళో సిగ్నల్ ఉండదని పోలీసులు కొట్టిపారేశారు.

మూడోది చూడటానికే ఆమె పదిహేను రోజులు ఆగి, సరిగ్గా ఈ రోజు మళ్ళీ గుల్లదిబ్బకు వచ్చింది. వెన్నెల చనిపోయింది శుద్ధ దశమి నాడు. ఈ రోజు బహుళ దశమి.

నాలుగుంబావుకి గట్టు మీద చెంచయ్య ఎదురొచ్చాడు. ఊరి కాపు, అంటే జాలర్ల పెద్ద. శవాన్ని మొదట చూసింది అతనే. అరవై దాటినా చేతులు ఇంకా గట్టివి. ముంజేతుల మీద మాత్రం తెల్లటి పొక్కులు.

"మళ్ళా వచ్చినారే మేడమ్. చెప్పాల్సిందంతా సి.ఐ. సారుకి చెప్పేసినాం గదా."

"ఒక్క ప్రశ్న చెంచయ్య గారూ. ఆ సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఊరు ఊరంతా గుడికాడ ఉండాం. తోటపల్లి గూడూరు నుంచి కూడా జనం వచ్చినారు. వందమంది చూసినారు."

"మధ్యాహ్నం?"

"మధ్యాహ్నం దేనికి? సచ్చిపోయింది సాయంత్రం గదా."

"అడిగానంతే. సరే, మీరు కాలవలో నలభై ఏళ్ళుగా ఉన్నారు. దశమి నాడు ఈ కాలవలోకి సముద్రం పోటు ఎన్నింటికి వస్తుంది?"

చెంచయ్య నవ్వాడు. తనకు బాగా తెలిసిన సంగతి అడిగినప్పుడు ఏ పనివాడైనా నవ్వే నవ్వు అది. "అదేం ప్రశ్న మేడమ్? దశమంటే సాయంత్రం నాలుగున్నరకి నిండు పోటు. శుద్ధమైనా, బహుళమైనా ఒకటే లెక్క. పొద్దున పదిన్నరకి పాటు, నీళ్ళన్నీ లాగేసి బురద..."

నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. నవ్వు కూడా అలాగే కాసేపు మొహం మీద మిగిలి, తరువాత పోయింది.

"చెప్పండి. బురద?"

"ఏం లేదు. నాకు పనుండాది," అని అతను ఊరివైపు తిరిగి నడిచాడు. మామూలుగా నడుస్తున్నట్టు కనపడాలని ప్రయత్నిస్తున్నాడు. పది గజాలు పోయాక ఆ ప్రయత్నం మానేసి వేగం పెంచాడు.

పుష్పకుమారి పైపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. చేతి గడియారం నాలుగు నలభై రెండు చూపించేదాకా కదల్లేదు. తరువాత మెట్లు చూసింది. పై రెండు మెట్లే ఉన్నాయి. మూడోది, నాలుగోది నీళ్ళలో మునిగిపోయాయి. బురద ఆనవాలు లేదు. వెన్నెల షాట్‌లో నాలుగు మెట్లూ బయటే ఉన్నాయి, వాటి కింద రెండు బారల బురద.

ఆ షాట్ సాయంత్రం తీసింది కాదు. నీళ్ళు లాగేసిన వేళ, ఉదయం పదిన్నర, పదకొండు మధ్య తీసింది. మబ్బు రోజు కాబట్టి నీడలు లేవు, వెలుతురులో తేడా ఎవరికీ తెలియలేదు. సి.ఐ. మర్నాడు పదకొండు గంటలకు వచ్చి ఫోటోలు తీయించాడు. అప్పుడూ పాటే. ఫోటోలూ షాటూ అచ్చుగుద్దినట్టు కలిశాయి.

రవి కుమార్ ఆ రోజు ఉదయం తొమ్మిది నుంచి మూడింటి దాకా నెల్లూరులో లేబర్ ఆఫీసులో ఉన్నాడు. అక్కడి కెమెరాల్లో ఉన్నాడు.

ఆమె మెట్టు మీదే కూర్చుండిపోయింది. తను వెతకడానికి వచ్చింది కంపెనీని ఇరికించే సాక్ష్యం. దొరికింది కంపెనీ మనిషిని విడిపించేది.

"మెట్లు లెక్కపెడుతున్నావా పుష్పా?"

గట్టు పైన సుధాకర్ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో పోలీసు ఉద్యోగంలో చేరినవాళ్ళు. ఇప్పుడు అతనికీ నెల్లూరులో సొంత ఏజెన్సీ ఉంది. రవి కుమార్‌ని బయటికి తెచ్చే పని కంపెనీ అతనికే అప్పగించింది. బూట్లకు తడి అంటకుండా జాగ్రత్తగా రెండడుగులు దిగాడు.

"చల్లగాలికి వచ్చాను," అంది పుష్పకుమారి.

"ఈ కంపులోనా?"

"మీ పైపులోంచి చుక్క నీరు రాదు కదా. మరి కంపు ఎక్కడిదంటావు?"

"అది వాడని పైపు. ఎనిమిదేళ్ళుగా మూసేసి ఉంది. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులున్నాయి."

పుష్పకుమారి పైపు అంచు లోపలికి చేయి పెట్టి తీసింది. వేళ్ళకు జిగురుగా పసుపుపచ్చటి మడ్డి అంటుకుంది. అతని మొహం ముందు పెట్టింది. "ఎనిమిదేళ్ళ మడ్డి ఇంకా తడిగా ఉంటుందా సుధాకర్?"

అతను వేళ్ళకేసి చూడలేదు. ఆమె గడియారానికేసి చూశాడు. తరువాత నీళ్ళకేసి. మునిగిన మెట్లకేసి. అతను తెలివితక్కువవాడు ఏనాడూ కాదు.

"నాలుగు నలభై రెండుకే వచ్చి నిలబడ్డావు. అదీ పదిహేను రోజులు ఆగి," అన్నాడు నెమ్మదిగా. జేబులోంచి ఫోన్ తీసి, పోలీసుల దగ్గర సంపాదించిన షాట్ తెరిచి, దాన్ని మెట్ల పక్కన పట్టుకుని చూశాడు. "అయితే మా వాడు కాదు."

"నీకు సంతోషంగా ఉండాలే."

"ఉంది. నీకెందుకు లేదు? నీకు కావలసింది నిజమా, నీ పార్టీకి పనికొచ్చే నిజమా?"

"నీకు కావలసింది మాత్రం సగం నిజమే. పిల్ల ఎప్పుడు పోయిందో రాస్తావు. ఈ మడ్డి గురించి రాయవు."

"నా పని రవి కుమార్‌ని విడిపించడం. నీళ్ళని బాగుచేయడం కాదు." అతను పై రెండు మెట్లూ, నీళ్ళూ వచ్చేలా ఫోటోలు తీశాడు. "ఉదయం పదిన్నరకి ఈ గట్టు మీద ఎవరుంటారు? వలలు దులుపుకునేవాళ్ళు. ఊరివాళ్ళు. రేపు పొద్దున సి.ఐ.తో కలిసి వస్తాను. నువ్వు రాకు, బాధపడతావు."

అతని జీపు వెళ్ళిపోయాక పుష్పకుమారి పైపు ఫోటో తీసుకుని, చేయి రుమాలుతో తుడుచుకుంది. వేళ్ళు మండుతున్నాయి.

ఫైలు టైము మార్చగలిగినవాడు ఆ ఊళ్ళో ఒక్కడే. పెంచల్. ముప్ఫై అయిదేళ్ళవాడు, చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి వీడియోలు తీస్తాడు. ఏడాదిగా వెన్నెలకు కెమెరామన్.

రేకుల ఇంట్లో ముందు గదే అతని స్టూడియో. కంప్యూటరు మీద దుప్పటి కప్పి ఉంది. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, కూర్చోమని అనలేదు.

"ఆ రోజు నువ్వెక్కడున్నావు పెంచల్?"

"బుచ్చిరెడ్డిపాలెంలో పెళ్ళి మేడమ్. సి.ఐ. సారుకి చెప్పినా."

"పెళ్ళివారిని అడిగాను. ముహూర్తం సాయంత్రం ఆరున్నర. నువ్వు అక్కడికి చేరింది మూడింటికి. ఉదయం పదిన్నరకి ఎక్కడున్నావు?"

పెంచల్ చూపు కంప్యూటరు మీదికి పోయింది.

"ఆ రోజు కెమెరా వెనక ఉన్నది నువ్వు. కార్డు తీశావు, షాట్ కత్తిరించావు, టైము ఆరుగంటలు ముందుకి జరిపి మళ్ళీ కెమెరాలో పెట్టావు. సాయంత్రం ఊరంతా గుడి దగ్గర ఉంటుందని నీకు తెలుసు. ఎవరు తోశారు? మీ చెంచయ్య మామేనా?"

"ఎవురూ తొయ్యలా." పెంచల్ తల అడ్డంగా ఊపాడు. "నా బిడ్డమీద ఒట్టు. ఎవురూ చెయ్యి కూడా వెయ్యలా మేడమ్."

"మరి?"

అతను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "ఆ యమ్మి మూడు నిమిషాల ముక్క ఫోన్లో పెట్టింది. పుండ్లు పడిన చేపలు, పోలేరమ్మత్త చేతులు. లక్షమంది చూసినారంట. మాకు సంబరమే. వారం తిరక్కముందే చేపలు కొనే నెల్లూరు బండి రావటం మానేసింది. చెన్నై బండి రావటం మానేసింది. గుల్లదిబ్బ చేపంటే ముట్టుకునేవాడు లేడు. తొమ్మిది రోజులు పట్టిందంతా ఇసకలో పూడ్చినాం మేడమ్. ఇంక పెద్ద సినిమా వస్తే ఏంది గతి? ఆపమని అడిగినాం. కాళ్ళు పట్టుకున్నాం. ఆ యమ్మి ఏడ్చింది గానీ ఆపలా. మీ పిల్లకాయలు ఈ నీళ్ళే తాగతా ఉండారు, ఆపితే నేనే చంపినట్టు అనింది."

పుష్పకుమారి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"విను పెంచల్. సుధాకర్ మెట్లు చూశాడు. రేపు పొద్దున సి.ఐ.తో వస్తాడు. నీ కంప్యూటరు పట్టుకుపోతారు. రవి కుమార్ బయటికొస్తాడు, మీ ఊరు లోపలికెళ్తుంది. పైపు సంగతి ఎవరూ ఎత్తరు. కత్తిరించిన ముక్కలో ఏముంది? నీళ్ళు వదిలారా?"

అతను అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. తరువాత తలూపాడు. "పది యాభైకి వదిలినారు."

"అది ఇప్పుడే నా చేతికి ఇవ్వు. రేపు వాళ్ళకి దొరికితే మీరు మాత్రమే మునుగుతారు. నా దగ్గరుంటే కంపెనీ కూడా మునుగుతుంది. నీకు నేను చెప్పగలిగిన మంచి మాట ఇంతే. ఇంతకంటే లేదు."

"మూడుసార్లు డిలీట్ దాకా పోయినా మేడమ్. చెయ్యి రాలా." అతను దుప్పటి తీశాడు.

అసలు షాట్ పన్నెండు నిమిషాలు. టైము ఉదయం పది నలభై రెండు.

మూడు నిమిషాల పదకొండో సెకనుకి వెన్నెల ఫ్రేములోకి వచ్చింది. పైజామా మోకాళ్ళ దాకా మడుచుకుంది. చేతిలో ఖాళీ సీసా. నాలుగు మెట్లూ దిగి, పైపు కిందికి వంగి, బురదలో ఒక అడుగు వేసింది. రెండో అడుగుకి నడుము దాకా దిగిపోయింది. ఏళ్ళ తరబడి పైపు నీళ్ళు తొలిచిన గుంట అది. ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మొదట ఆమె నవ్వింది. "మామా, ఇరుక్కుపోయా. గెడ ఇటియ్యి."

ఎవరూ పలకలేదు. అవతల ఎవరో దగ్గారు. వల దులుపుతున్న చప్పుడు ఆగింది. అక్కడ మనుషులున్నారని, చాలామంది ఉన్నారని ఆ నిశ్శబ్దంలో తెలుస్తోంది.

"చెంచయ్య మామా?"

పైపులో గురగురమని మోత మొదలైంది. నురుగుతో పసుపుపచ్చటి నీళ్ళు ఒక్కసారిగా ఆమె భుజాల మీద పడ్డాయి. ఆమె కేకపెట్టి మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది. కెమెరా ఒక్క అంగుళం కదల్లేదు. ఏడాదిపాటు ఆమె వెంటాడిన షాట్ అది. ఫ్రేము మధ్యలో కంపెనీ పైపు, దానిలోంచి కాలవలోకి పడుతున్న విషం. అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

తరువాత ఆమె పేర్లు పిలవడం మొదలుపెట్టింది. చెంచయ్య మామ. పేరమ్మక్క. మహాలక్ష్మి. పోలేరమ్మత్త. ఏడాదిలో అందరి పేర్లూ నేర్చుకుంది. వరసలు కూడా. ఒక్కొక్కరినీ పిలిచి, జవాబు కోసం ఒక్క క్షణం ఆగి, ఇంకొకరిని పిలిచింది. గుంటలో నీళ్ళు గడ్డం దాకా వచ్చాక పేర్లు సగం సగమే వినిపించాయి. "పెంచలన్నా, కెమెరా వదిలేసి రా అన్నా." ఇంకోసారి, "పోలేరమ్మత్తా."

ఆ తరువాత నురుగు, పైపు మోత. షాట్ అయిపోయింది.

పుష్పకుమారి తన పెన్‌డ్రైవ్ తీసి ఆ షాట్ దాంట్లోకి ఎక్కించుకుంది.

"రెండడుగులు వేసినా," అన్నాడు పెంచల్. "మామ నా రొమ్ము మీద చెయ్యి పెట్టినాడు. గట్టిగా కూడా పెట్టలా. ఊరికే పెట్టినాడు. నేను ఆగిపోయినా. ఎవురో ఒకరు పోతార్లే అనుకున్నా. అందరూ అదే అనుకున్నారేమో. అయిపోయిందని తెలిసినాక కెమెరా ఆపేసినా."

పుష్పకుమారి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుంది. కంపెనీని మూయించగలిగిన సాక్ష్యం ఈ భూమ్మీద ఇదొక్కటే. పైపుని చూపించాలంటే ఆ పేర్లన్నీ వినిపించాలి. భానుప్రియ కూడా వింటుంది. సినిమా చూసి ఈ ఊరిని కాపాడాలని ఎవరూ అనుకోరు. ఇవ్వకపోతే పైపు రేపు కూడా పారుతుంది, ఎల్లుండీ పారుతుంది. ఎటు తిప్పి చూసినా ఆమెకు మూడో దారి కనపడలేదు.

బయటికి వచ్చింది. ఇంకా వెలుతురుంది. ఇంటి ముందు ఇసకలో ఊరంతా నిలబడి ఉంది. చెంచయ్య తల దించుకున్నాడు. ఎవరూ ఆమెకు అడ్డం రాలేదు, ఎవరూ బతిమాలలేదు. ఇన్ని రోజులుగా ఎవరైనా వచ్చి అడుగుతారని వీళ్ళే ఎదురుచూస్తున్నారేమో అనిపించింది.

ముందు వరసలోంచి ఒక ముసలావిడ వచ్చింది. రెండు చేతులకూ గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. ఆ ఉదయం వెన్నెలకు పులిబొంగరాలు పెట్టిన పోలేరమ్మ.

"అంతా ఇన్నారా మేడమ్?"

"విన్నాను."

"నేను చెవులు మూసుకుని ఇంట్లోకి పోయినా. తలుపేసుకున్నా." ఆమె మాటకి మాటకి మధ్య ఊపిరి తీసుకుంటోంది. "నన్ను ఎన్నిసార్లు పిలిచింది దాంట్లో?"

పుష్పకుమారికి అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. "రెండుసార్లు."

పోలేరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమె చూపు పుష్పకుమారిని దాటి, వాకిట్లో నిలబడ్డ పెంచల్ మీద ఆగింది.

"రెండు కాదు మేడమ్, మూడు. అయిపోయిందనుకుని చెవులు వదిలి తలుపు సందులోంచి చూసినా. మూడోసారి పిలిచింది వీడు కెమెరా చంకన పెట్టుకుని మా ఇంటి ముందర నుంచి పోయినాక."